ఆర్‌ఎక్స్ 100 చాంబర్ మూడోసారి పగిలింది. ఏ రేకు కొనాలి, ఎవరి చేత అతికించాలి?

అనంత_98సీసీ (అనంతపురం):

అందరికీ నమస్కారం. నాది 1994 మోడల్ యమహా ఆర్‌ఎక్స్ 100 బైకు, మా నాన్న కొన్న బండి, అందుకే దీన్ని వదిలేసే ఆలోచన లేదు. రెండేళ్ళ కింద ఇంజన్ బోరు చేయించి పోర్టులు (సిలిండర్‌లో గాలీ పొగా వెళ్ళే రంధ్రాలు) కొంచెం సవరించాను, పోయిన ఏడాది బెంగళూరు స్నేహితుడు ఇచ్చిన కొలతల కాగితం పట్టుకొని ఊళ్ళోనే ఒక షాపులో చాంబర్ (మామూలు సైలెన్సర్ బదులు పెట్టే, మధ్యలో ఉబ్బి చివర సన్నబడే పొగ గొట్టం) కట్టించాను. మొదటి రోజు ఆ పికప్ చూసి రాత్రి నిద్ర పట్టలేదు. రెండు నెలలు బాగుంది. తర్వాత ఇంజన్ నుంచి వచ్చే బెండు పైపూ మొదటి కోనూ కలిసే చోట వెంట్రుకంత సన్నగా గీత వచ్చింది. అదే షాపులో మళ్ళీ వెల్డింగ్ పెట్టించాను. నెలన్నర తిరక్కుండానే ఆ అతుకులో కాదు, అతుకు పక్కన ఒక మిల్లీమీటరు దూరంలో మళ్ళీ పగిలింది. ఇప్పుడు మూడోసారి, గుత్తి నుంచి వస్తుంటే వెనక బ్రాకెట్ రేకు ముక్కతో సహా చింపుకొని ఊడొచ్చింది. దార్లో ఒక పొలం కంచె దగ్గర పడి ఉన్న తీగ ముక్కతో కట్టుకొని ఇంటికి చేరాను.

ఇప్పుడున్నది 18 గేజ్ రేకు (గేజ్ అంకె తగ్గేకొద్దీ రేకు మందం), సీఓటూ వెల్డింగ్ (కార్బన్ డయాక్సైడ్ గ్యాస్ వదులుతూ తీగతో అతికించేది). షాపాయన రేకు పలుచనైంది, ఈసారి 16 గేజ్ వేద్దాం అంటున్నాడు. ఒక స్నేహితుడు స్టెయిన్‌లెస్ వేయించు, జీవితకాలం ఉంటుంది అంటాడు. ఇంకొకరు జీఐ (జింక్ పూత ఉన్న) రేకైతే తుప్పు పట్టదు అంటారు. మా వైపు బోరుబావులు వేసే బండ్ల దగ్గర, ట్రాక్టర్ ట్రాలీల దగ్గర చేయి తిరిగిన వెల్డర్లు చాలామంది ఉన్నారు, వాళ్ళ చేత చేయించొచ్చా, లేక ఆర్గాన్ గ్యాస్‌తో చేసే సన్న వెల్డింగ్ ఉన్నవాళ్ళే కావాలా? మళ్ళీ డబ్బు పోయినా ఫర్వాలేదు గానీ బండి మళ్ళీ రోడ్డు మధ్యలో ఆగకూడదు. అనుభవం ఉన్నవాళ్ళు చెప్పండి.

కడప_టింకరింగ్ (కడప):

తమ్ముడూ, ముందు 16 గేజ్ మాట మర్చిపో. పగిలింది రేకు పలుచన కావడం వల్ల కాదు. నువ్వే చెప్పావు, అతుకులో కాదు, అతుకు పక్కన పగిలిందని. అసలు సమాధానం అక్కడే ఉంది. సీఓటూ వెల్డింగ్‌లో బీడు (అతుకు మీద కరిగి ఉబ్బిన గీత) ఎత్తుగా, గట్టిగా కూర్చుంటుంది, దాని పక్కన రేకేమో పలుచగా ఉంటుంది, పైగా బీడు అంచున రేకుని కొంచెం కొరికేసి సన్నని కాలువలాగా చేస్తుంది. ఇంజన్ వణుకుతుంటే బీడు వంగదు, వంగాల్సిందంతా ఆ కాలువ దగ్గరే వంగుతుంది. తీగని ఒకే చోట అటూ ఇటూ వంచితే ఏమవుతుందో అదే జరిగింది. దాని మీద మళ్ళీ బీడు వేస్తే గట్టి భాగం ఇంకొంచెం వెడల్పవుతుంది, పగులు ఇంకో మిల్లీమీటరు పక్కకి జరుగుతుంది, అంతే తేడా.

మందం పెంచితే బరువు పెరుగుతుంది. ఒక చదరపు మీటరు ఇనుప రేకు 1 మి.మీ. మందంలో 7.85 కిలోలు తూగుతుంది, 1.6 మి.మీ. అయితే పన్నెండున్నర దాటుతుంది. నీ చాంబర్‌కి అందులో ఐదో వంతు రేకు పడుతుందనుకున్నా, ఒకటిన్నర కిలో అయ్యేది రెండున్నర అవుతుంది. ఆ బరువంతా ముందు ఫ్లాంజ్ (ఇంజన్‌కి బిగించే పట్టీ), వెనక ఒక బ్రాకెట్, ఈ రెండింటి మీదే వేలాడుతుంది. బ్రాకెట్ ఇంకా తొందరగా చింపుకొస్తుంది.

నా లెక్క ఇది. చాంబర్ ఒంటికి 20 గేజ్, అంటే 1 మి.మీ. దరిదాపుల్లో ఉండే సీఆర్ (చల్లగా ఉండగా సాగదీసిన) రేకు. పేరున్న రేసు పైపులు కూడా ఎక్కువగా ఈ మందంలోనే, మెత్తటి ఇనుముతోనే చేస్తారు. బెండు పైపు మాత్రం 1.6 మి.మీ. ఉన్నా మంచిదే, వేడీ ఊపూ మొదట తగిలేది దానికే. ఫ్లాంజ్ పట్టీలో కోయించు. రేకు కొనేటప్పుడు సీఆర్ అని అడిగి, చేత్తో తడిమి చూడు. సీఆర్ నున్నగా బూడిద రంగులో మెరుస్తుంది, పైన కొంచెం నూనె ఉంటుంది. హెచ్ఆర్ (వేడి మీద సాగదీసిన) రేకు నల్లగా పొరలు కట్టి ఉంటుంది, ఆ పొర వెల్డింగ్‌లో కలిస్తే అతుకు నాసిరకం అవుతుంది, గ్రైండ్ చేసి తీయాలంటే ఉన్న మందం కూడా పోతుంది.

జీఐ రేకు వద్దు, ఇది మాత్రం గట్టిగా చెప్తున్నా. దాని మీద ఉండేది జింక్. జింక్ 907 డిగ్రీలకే మరుగుతుంది, ఇనుము కరగాలంటే దాదాపు 1500 కావాలి. అంటే ఇనుము కరిగేలోపే జింక్ ఆవిరై అతుకు నిండా బుడగలు చేస్తుంది. ఆ తెల్లటి పొగ పీల్చిన మనిషికి సాయంత్రానికి చలి జ్వరం, ఒళ్ళు నొప్పులు. కుర్రతనంలో నాకే రెండుసార్లు వచ్చింది. పాలు తాగితే పోతుందని మా మేస్త్రి తాగించేవాడు, కానీ పాలు దాన్ని ఆపవు, పొగ పీల్చకుండా ఉండడం ఒక్కటే దారి.

ఇక వెల్డర్ సంగతి. బోరు బండి దగ్గర పనిచేసే వాళ్ళు గొప్ప పనివాళ్ళు, అందులో సందేహం లేదు. వాళ్ళు 6 మి.మీ. కేసింగ్ పైపుని నడి ఎండలో నిలబెట్టి చుట్టూ అతికిస్తారు, లోపల వందల అడుగుల బరువు దాని మీదే వేలాడుతుంది, అది ఊడదు. కానీ ఆ చేతికి అలవాటైన రాడ్డు, ఆ కరెంటు 1 మి.మీ. రేకు మీద పెడితే మొదటి క్షణంలోనే బొక్క. ఆ బొక్కని పూడ్చడానికి ఇంకో బొట్టు, దాని పక్కన ఇంకో బొక్క. పని తెలియక కాదు, ఆ పని వేరు, ఈ పని వేరు.

పలుచని రేకుకి రెండే దారులు, ఆర్గాన్ లేదా గ్యాస్. ఆర్గాన్ కోసం సైలెన్సర్ షాపుల చుట్టూ తిరగొద్దు. హోటళ్ళకి స్టీలు బల్లలు, సింకులు, పెద్ద పాత్రలు చేసేవాళ్ళ దగ్గరికి వెళ్ళు. రోజంతా 1 మి.మీ. రేకు మీదే వాళ్ళ చేయి ఆడుతుంది, సింకులో అతుకు కారితే హోటలు వాడు ఒప్పుకోడు కాబట్టి చేయి కుదురుగా ఉంటుంది. గ్యాస్ అయితే పాత టింకరింగ్ షెడ్లలో యాభై ఏళ్ళు దాటిన మేస్త్రీలని వెతుకు. గ్యాస్ అతుకు మెత్తగా ఉంటుంది, వేడి మీద సుత్తితో తట్టి రేకుతో సమానం చేయొచ్చు, అందుకే నాకు గ్యాస్ అంటే మొదటి నుంచీ ఇష్టం. ఒక్క ప్రశ్న మాత్రం తప్పకుండా అడుగు: సిలిండర్‌లో ఉన్నది అసిటిలీనా, వంట గ్యాసా అని. ఈ మధ్య చవకని చాలామంది ఆక్సిజన్‌తో వంట గ్యాస్ కలిపి వాడుతున్నారు. అది కోయడానికి, ఇత్తడి అతుకులకి పనికొస్తుంది గానీ ఇనుమును ఇనుముతో అతికించడానికి పనికిరాదు, అతుకు పెళుసుగా వస్తుంది.

ఆర్‌డీ_కర్నూలు (కర్నూలు):

పైన అన్న చెప్పినవాటిలో చాలావరకు ఒప్పుకుంటాను, స్టెయిన్‌లెస్‌ని మాత్రం అసలు పట్టించుకోకుండా వదిలేయడం సరికాదనిపిస్తుంది. నా రాజ్‌దూత్ 350కి రెండు పైపులూ 304 గ్రేడ్‌లో చేయించి ఆరేళ్ళయింది, ఒక్క పగులు లేదు, రంగు వేసే పని లేదు, వానాకాలం తుంగభద్ర ఒడ్డున ఇల్లున్నా తుప్పు మాట లేదు. ఇనుప చాంబర్‌కి ఏటా రంగు గీకి మళ్ళీ వేసుకుంటూ కూర్చోవాలి.

కానీ స్టెయిన్‌లెస్ ఎందుకు పగులుతుందో ముందే తెలుసుకోవాలి, తెలియకుండా చేయిస్తే ఇనుము కంటే ఘోరంగా పగులుతుంది. వేడికి అది ఇనుము కంటే దాదాపు ఒకటిన్నర రెట్లు సాగుతుంది, వేడిని పక్కకి పాకనివ్వడంలో మూడో వంతే. వెల్డింగ్ పెట్టిన చోటే వేడి నిలబడి రేకు మెలికలు తిరుగుతుంది. ఇంకా ముఖ్యమైనది లోపలి వైపు. బయట ఆర్గాన్ కాపాడుతుంది, లోపల గాలి తగిలి అతుకు వెనక నల్లగా, గరుకుగా, చక్కెర పాకం మాడినట్టు అవుతుంది. బయట చూస్తే ఇంద్రధనుస్సు రంగులతో అందంగా ఉంటుంది, పగులు మాత్రం లోపల నుంచి మొదలవుతుంది. అందుకే పైపు రెండు చివరలూ టేపుతో మూసి, ఒక సన్న గొట్టంతో లోపలికి కూడా ఆర్గాన్ వదులుతూ అతికించాలి. నాకు చేసినాయన దీనికి రెండో రెగ్యులేటర్ కొన్నాడు. అలా చేయనన్నవాడి చేత స్టెయిన్‌లెస్ చేయించొద్దు.

ఇంకొకటి, మన ఊళ్ళలో గేట్లకి, మెట్ల రెయిలింగ్‌కి వాడేది ఎక్కువగా 202 గ్రేడ్. షాపులో 304 అని చెప్పి అదే ఇస్తారు. అయస్కాంతం పెట్టి చూస్తే తెలిసిపోతుందని అందరూ అంటారు గానీ 202 అయినా 304 అయినా అయస్కాంతానికి అంటుకోవు, ఆ పరీక్ష వల్ల ఈ రెండింటి తేడా తెలియదు. గ్రేడ్ చూసే రసాయనం చుక్కల సీసా దొరుకుతుంది, పెద్ద స్టీలు వ్యాపారుల దగ్గర ఉంటుంది, మీ ముందే ఒక చుక్క వేయించుకోండి.

అనంత_98సీసీ:

అన్నా, ఇద్దరికీ చాలా థాంక్స్. టవర్ క్లాక్ దగ్గర నుంచి మొదలుపెట్టి నిన్నంతా తిరిగాను. హోటల్ కిచెన్ సామాను చేసే షాపు ఒకటి దొరికింది, ఆర్గాన్ ఉంది, కుర్రాడు ముప్పై లోపే గానీ చేయి చాలా నిదానం. గ్యాస్ మేస్త్రి కూడా ఒకాయన దొరికాడు, పెద్దాయన, ఇప్పుడు వారంలో రెండు రోజులే షెడ్డుకి వస్తున్నాడట. ఇద్దరిలో ఎవరిని నమ్మాలో ఎలా తేల్చుకోవాలి? స్టెయిన్‌లెస్ మాత్రం ఈసారికి వద్దనుకుంటున్నా, లోపల ఆర్గాన్ వదలడం అంటే ఆ కుర్రాడు అలా ఎప్పుడూ చేయలేదన్నాడు, నిజం చెప్పినందుకు నాకు నచ్చాడు.

ఇంకో టెన్షన్ కొలతలది. చేత్తో కోసి మడిచేటప్పుడు రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయితే పవర్ పోతుందా?

కడప_టింకరింగ్:

మాటలతో తేల్చొద్దు, ముక్కతో తేల్చు. నువ్వు కొన్న రేకులోంచే జానెడు పొడవు, రెండు వేళ్ళ వెడల్పు పట్టీలు నాలుగు కోయించి ఇద్దరికీ రెండేసి ఇవ్వు. అంచుకి అంచు ఆనించి, సందు లేకుండా, ఒక పట్టీ మీద ఇంకోటి ఎక్కకుండా అతికించమను. తర్వాత ముందు వైపు కాదు, వెనక వైపు చూడు. మొదటి నుంచి చివరిదాకా సన్నటి గీత ఒకే తీరుగా కనిపించాలి. కొన్నిచోట్ల కనబడి కొన్నిచోట్ల మాయమైతే లోపలిదాకా కరగలేదని అర్థం, బొట్లు బొట్లుగా వేలాడితే వేడి ఎక్కువైందని అర్థం. అప్పుడు దాన్ని వైస్‌లో బిగించి అతుకు సరిగ్గా మడత మీదికి వచ్చేలా సుత్తితో పూర్తిగా మడిచెయ్. మంచి అతుకు మడిచినా చీలదు. చీలినవాడు ఎంత పేరున్నవాడైనా నమస్కారం పెట్టి వచ్చెయ్.

కుర్రాడి మిషన్‌లో 1 మి.మీ. రేకుకి 35 నుంచి 45 ఆంపియర్ల మధ్య చాలు. ఫిల్లర్‌కి రాగి పూత ఉన్న మైల్డ్ స్టీల్ రాడ్డు, 1.6 మి.మీ. మందంది. సందులు లేకుండా అంచులు ఆనితే చాలాచోట్ల రాడ్డు అవసరం కూడా రాదు. అందుకే కోత బాగుండాలి. వెల్డర్ తిట్టుకునేది ఎప్పుడూ సందులనే. నేను కోన్ల నమూనాలు తాడిపత్రి బండ మీద సుద్దతో గీసుకుంటాను, బండ సమంగా ఉంటుంది, గీత చెరిపి మళ్ళీ గీసుకోవచ్చు, తర్వాత అట్టముక్క మీదికి దించి చుట్టి చూసి, అప్పుడు రేకు మీద పెట్టి కోస్తాను. వెల్డింగ్ మాత్రం ఆ బండ మీద పెట్టొద్దు, మంట తగిలితే పెచ్చులు లేచి మొహం మీదికి ఎగురుతాయి. వంపు కావాలంటే కోన్‌ని ఏడున్నర డిగ్రీల వాలుగా కోసి ఒక సగాన్ని అర చుట్టు తిప్పి పెట్టు, పదిహేను డిగ్రీల వంపు వస్తుంది. అలా నాలుగైదు కోతలతో ఇంజన్ కిందికి తిప్పుకోవచ్చు.

చాంబర్_లెక్కలు (ప్రొద్దుటూరు):

కొలతల గురించి నేను చెప్తాను, ఈ లెక్కల మీద నాకు పిచ్చి.

చాంబర్ చేసే పని ఏమిటంటే, పోర్టు తెరుచుకోగానే వెళ్ళిన ఒత్తిడి తరంగం వెడల్పయ్యే కోన్‌లో పడినప్పుడు వెనక్కి ఒక పీల్పు వస్తుంది, అది సిలిండర్‌లోని పొగని లాగుతుంది, దాంతోపాటు కొత్త పెట్రోల్ గాలి కూడా కొంత పైపులోకి జారిపోతుంది. ముందుకెళ్ళిన తరంగం సన్నబడే కోన్‌కి కొట్టుకొని తిరిగొచ్చి, పోర్టు మూసుకునేలోపు ఆ జారిపోయిన దాన్ని మళ్ళీ లోపలికి తోస్తుంది. ఇదంతా సమయం ఆట. తూర్పు జర్మనీలో ఎంజెడ్ కంపెనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్ 1950లలో ఆసిలోస్కోప్ పెట్టి ఈ తరంగాలు చూసి పైపులు దిద్దాడు. వాళ్ళ రైడర్ ఎర్నెస్ట్ డెగ్నర్ 1961లో స్వీడన్ రేసు నుంచి పారిపోయి సుజుకీలో చేరాడు, తర్వాతి ఏడాదే సుజుకీ 50 సీసీలో అతనితో ప్రపంచ టైటిల్ కొట్టింది. ఆ జ్ఞానం జపాన్‌కి చేరిన దారి అది. మన యమహాల్లో చాంబర్ పెట్టగానే వచ్చే ఆ ఊపు వెనక ఈ కథంతా ఉందని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

లెక్క తేలిక. ఎగ్జాస్ట్ పోర్టు క్రాంక్ చుట్టులో ఎన్ని డిగ్రీలు తెరిచి ఉంటుందో దాన్ని 1700తో గుణించి, పీక్ (అన్నిటికంటే ఎక్కువ పవర్) కావాల్సిన ఆర్పీఎమ్‌తో భాగిస్తే పొడవు అంగుళాల్లో వస్తుంది, పిస్టన్ ముఖం నుంచి వెనక కోన్ మధ్యదాకా. 1700 అంటే పైపులో తరంగం వేగం, సెకనుకి అడుగుల్లో. ఉదాహరణకి 176 డిగ్రీలు, 8500 ఆర్పీఎమ్ అయితే 35.2 అంగుళాలు, దాదాపు 894 మి.మీ. మీ పోర్టులు సవరించారు కాబట్టి క్రాంక్‌కి డిగ్రీ చక్రం (డిగ్రీలు గీసిన పళ్ళెం) పెట్టి మీ సిలిండర్‌నే కొలవండి, బెంగళూరు కాగితం వేరే సిలిండర్‌ది అయి ఉండొచ్చు.

ఇప్పుడు మీ టెన్షన్‌కి సమాధానం. ఆ 894లో 10 మి.మీ. తేడా వస్తే పీక్ దాదాపు 95 ఆర్పీఎమ్ పక్కకి జరుగుతుంది. రెండు మూడు మిల్లీమీటర్లకి ఇరవై ముప్పై ఆర్పీఎమ్. చేతికి తెలియదు. కారుతున్న అతుకు మాత్రం చేతికి తెలుస్తుంది, తరంగం అక్కడే చచ్చిపోతుంది. ఒకచోట మాత్రం మిల్లీమీటర్లు పట్టించుకోండి, చివరి సన్న గొట్టం దగ్గర. దాని లోపలి వ్యాసం బెండు పైపు లోపలి వ్యాసంలో 0.58 నుంచి 0.62 మధ్య ఉండాలి. బెండు 38 మి.మీ. అయితే గొట్టం 22, 23 మి.మీ. దాన్ని ఇంకా సన్నం చేస్తే వేడి బయటికి పోలేక పిస్టన్ పట్టేస్తుంది. వెల్డింగ్ బొట్టు లోపలికి కారి ఆ దారిని ఇరుకు చేసినా అదే గతి, అందుకే అతికించాక ఒక కడ్డీ దూర్చి చూసుకోండి.

కొత్త చాంబర్ పెట్టిన రోజే కార్బురేటర్‌లో పాత జెట్‌తో (పెట్రోల్ వదిలే రంధ్రం ముక్క) లాగొద్దు. రెండు సైజులు పెద్ద మెయిన్ జెట్‌తో మొదలుపెట్టి ప్లగ్ రంగు చూస్తూ ఒక్కో మెట్టూ దిగండి. అనంతపురం ఎండలో, హైవే మీద ఫుల్ త్రాటిల్‌లో పిస్టన్ పట్టేసిన బండ్లు నేను చూశాను.

ఆర్‌డీ_కర్నూలు:

బిగింపు గురించి ఎవరూ చెప్పలేదు. మూడోసారి ఊడింది బ్రాకెట్ కదా, ఎలా పెట్టారు? బ్రాకెట్ పట్టీని నేరుగా పలుచని రేకు మీద అతికిస్తే ఎవరు అతికించినా చింపుకొస్తుంది. ముందు అదే రేకులోంచి అరచేతిలో సగం ఉండే అతుకు ముక్క, మూలలు గుండ్రంగా చేసి, చాంబర్ వంపుకి సరిపోయేలా సుత్తితో వంచి అతికించాలి, దాని మీద బ్రాకెట్. అప్పుడు ఊపు ఒక గీత మీద కాకుండా వెడల్పుగా పరుచుకుంటుంది. బ్రాకెట్‌కీ చాసిస్‌కీ మధ్య తప్పకుండా రబ్బరు బుష్. ముందు వైపు కుదిరితే ఫ్లాంజ్ దగ్గర బిగుతుగా కాకుండా ఒకదాంట్లో ఒకటి దూరే జాయింటు పెట్టి రెండు స్ప్రింగులతో లాగి పట్టించండి. పైపు తన మానాన అది కదులుతుంది, పగలదు. కొంచెం నల్ల నూనె ఆ జాయింటు దగ్గర చెమర్చితే వేడికి తట్టుకునే సిలికాన్ పూయండి.

పాత చాంబర్‌లో ముక్కలు పనికొస్తాయని దాన్ని కోసి వాడాలనుకుంటే జాగ్రత్త. లోపల నూనె, కార్బన్ ఉంటాయి. రెండు మూతలూ మూసి ఉన్న పైపుకి మంట పెడితే లోపలి ఆవిరి పేలుతుంది. బ్రేక్ క్లీనర్ స్ప్రేతో కడిగి వెంటనే ఆర్గాన్ పెట్టే అలవాటు కొంతమందికి ఉంది, క్లోరిన్ ఉన్న స్ప్రే అయితే ఆర్క్ వెలుగుకి అది ప్రాణాంతకమైన విష వాయువుగా మారుతుంది. కాస్టిక్ సోడా నీళ్ళతో నానబెట్టి, బాగా కడిగి, ఎండలో పూర్తిగా ఆరాకే ముట్టుకోండి.

పాతబండి_నంద్యాల:

ఒక్క మాట. ఊళ్ళో నడపాలంటే చివర గ్లాస్ ఊల్ నింపిన సైలెన్సర్ డబ్బా పెట్టండి, దాన్ని అల్యూమినియంతో చేయించినా ఫర్వాలేదు, అక్కడికి వేడి తగ్గి ఉంటుంది. మోటారు వాహనాల చట్టం 190(2) సెక్షన్ కింద, 2019 సవరణ తర్వాత, శబ్దం ఎక్కువైతే 10,000 రూపాయల దాకా జరిమానా లేదా మూడు నెలల దాకా జైలు లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్స్ పోతుంది. మా వీధిలో పసిపిల్లలున్న ఇళ్ళున్నాయి, రాత్రి పదికి ఆ మోత వింటే నాకే బాధగా ఉంటుంది, నేను కూడా టూ స్ట్రోక్ మనిషినే.

కడప_టింకరింగ్:

నంద్యాల తమ్ముడు చెప్పింది నిజం, డబ్బా పెట్టించు. అతికించే వరుస కూడా రాస్తున్నా, ఇది ఆ కుర్రాడికి చూపించు. మొదట ఒక్కో కోన్‌కి నిలువు అతుకు పూర్తి చేసి, గొట్టం ముక్క మీద పెట్టి తట్టి గుండ్రం చేయాలి. తర్వాత కోన్లని కలిపేటప్పుడు నిలువు అతుకులు ఒకే గీతలో రాకుండా ఒకటి అటు, ఒకటి ఇటు పెట్టాలి, ఒకే గీతలో ఉంటే ఒక పగులు మొదలై మొత్తం పొడవునా పాకుతుంది. చుట్టూ నాలుగు టాకాలు (చిన్న చుక్క అతుకులు) ఎదురెదురుగా, బండికి తగిలించి చూసుకొని, స్టాండు, కిక్కు, బ్రేక్ పెడల్ తగలకుండా ఉన్నాయనిపించాకే పూర్తి అతుకు. బండి మీద ఉండగా మాత్రం వెల్డింగ్ వద్దు. ఎక్కడైనా తప్పు జరిగితే ఇత్తడి అతుకుతో సర్దిపెడతా అంటే ఒప్పుకోవద్దు, ఒకసారి ఇత్తడి తాకిన ఇనుము మీద మళ్ళీ వెల్డింగ్ నిలబడదు, పగుళ్ళు తీస్తుంది.

అయ్యాక కారడం చూడడానికి పాత పద్ధతి ఒకటుంది. బయట అతుకులన్నిటికీ పలుచగా సున్నం పూసి ఆరనివ్వు. లోపల లీటరు డీజిల్ పోసి అటూ ఇటూ తిప్పి అరగంట ఉంచు. కారే చోట సున్నం మీద తడి మచ్చ కనబడుతుంది. మచ్చ వస్తే డీజిల్ వంపేసి, కడిగి, ఆరబెట్టి, మూతలు తెరిచి ఉంచి అప్పుడే మళ్ళీ వెల్డింగ్. తొందరపడొద్దు.

రంగుకి 600 డిగ్రీలు తట్టుకునే సిలికాన్ రంగు. పౌడర్ కోటింగ్ వేయించొద్దు, బెండు దగ్గర మాడిపోతుంది.

అనంత_98సీసీ:

మూడు వారాలైంది, చెప్పాలనే వచ్చాను.

పట్టీల పరీక్ష పెట్టాను. కుర్రాడిది మొదటి పట్టీ మడిస్తే చివర అంగుళం చీలింది, చూసి తనే కరెంటు తగ్గించి రెండోది అతికించాడు, అది చీలలేదు. పెద్దాయన గ్యాస్‌తో చేసిన రెండూ చీలలేదు. సిలిండర్ అసిటిలీనే. చివరికి ఇద్దరి చేతా చేయించాను. కోన్ల నిలువు అతుకులు, చుట్టు అతుకులు కుర్రాడు ఆర్గాన్‌తో చేశాడు. బెండు పైపూ మొదటి కోనూ కలిసే చోటు, ఇదివరకు రెండుసార్లు పగిలిన చోటు, పెద్దాయన గ్యాస్‌తో అతికించి ఎర్రగా ఉండగానే సుత్తితో తట్టి సమం చేశాడు. చేత్తో తడిమితే అతుకు ఎక్కడుందో తెలియట్లేదు. కుర్రాడు పక్కనే నిలబడి మొత్తం చూశాడు, వచ్చే వారం నుంచి ఆదివారాలు షెడ్డుకి వస్తానని పెద్దాయన్ని అడిగాడు.

సున్నం పరీక్షలో బ్రాకెట్ అతుకు ముక్క కింద ఒక్క మచ్చ వచ్చింది, సరిచేయించాను. డిగ్రీ చక్రంతో కొలిస్తే నా ఎగ్జాస్ట్ 182 డిగ్రీలు, బెంగళూరు కాగితం నా సిలిండర్‌ది కాదని అర్థమైంది, పొడవు మార్చి కోయించాను. రెండు సైజులు పెద్ద జెట్‌తో ఇప్పటికి 340 కిలోమీటర్లు తిరిగాను, ప్లగ్ ఇంకా కొంచెం నల్లగానే ఉంది, ఒక మెట్టు దిగాలి. నిన్న తాడిపత్రి వెళ్ళొచ్చాక పాత పగుళ్ళ చోట టార్చి వేసి చూశాను, గీత ఏమీ లేదు. వెయ్యి కిలోమీటర్లు దాటాక మళ్ళీ చూసి ఇక్కడే రాస్తాను.